కాకిదుంపకు కళ్ళు

నేనెవర్నీ నమ్మను. గొప్ప కోసం చెప్పడం లేదు, అదొక రోగం అనుకోండి. రొట్టెలవాడు తూకం వేస్తుంటే నేను రొట్టెను చూడను, వాడి చిటికెన వేలు తక్కెడ మీద ఆనిందా లేదా అని చూస్తాను. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుంటే నేను ఒక కన్ను తెరిచి, ఇంకెవరు తెరిచారో చూస్తాను. మా ఆయన యోస్ట్ బతికున్న రోజుల్లో, "నువ్వు స్వర్గానికి పోయినా గుమ్మం దగ్గర దేవదూత రెక్క పట్టుకుని లాగుతావే, అతికించిందేమోనని" అనేవాడు. లాగుతాను మరి. లాగితే వీళ్ళ సొమ్మేం పోయింది?

ఇంతమందిని అనుమానించిన నేను, నా బల్ల మీద, నా కుంచె కింద ఉన్నదాన్ని మాత్రం అనుమానించలేదు. దానివల్ల మా ఆడపడుచు ప్లోని ఊరు విడిచిపోయే పరిస్థితి వచ్చింది. ఆ సంగతే చెబుతున్నాను.

యోస్ట్ పియర్ చెక్క దిమ్మల మీద మొక్కల బొమ్మలు చెక్కేవాడు. మా బాసెల్ ఊళ్ళోనే అచ్చుకూటం నడిపే ఓసర్ గారు ఆ దిమ్మలతో మూలికల పుస్తకం వేశారు. అచ్చులో పడేది నలుపొక్కటే కదా, ఆకుకు పచ్చా పువ్వుకు ఎరుపూ నేను వేసేదాన్ని. మాదిరి కాగితం ఒకటి ఎదురుగా పెట్టుకుని, దాన్ని చూస్తూ వందల కాగితాలకు అదే రంగు, అదే చోట. ఇరవై ఆరేళ్ళుగా నా బతుకు అదే. యోస్ట్ ప్లేగులో పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయనతోపాటే ఆ పుస్తకమూ మూలపడింది, దిమ్మలు అచ్చుకూటం అటక ఎక్కాయి.

ఈ ఏడు వసంతంలో ఓసర్ గారు పుస్తకం మళ్ళీ వేస్తున్నామని కబురు చేశారు. పాత మాదిరి కాగితాలు రైన్ నది పొంగినప్పుడు నేలమాళిగలో తడిసి ముద్దయిపోయాయట. "నీ చేతికి తెలియనివా వెరేనా, నువ్వే వేసెయ్" అన్నారు. వేశాను. కాకిదుంప దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. లావాటి నల్లటి దుంప, దాని మీద ఆవగింజంత తెల్లటి చుక్కలు పదకొండు. గీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. అంతకుముందు ఉన్నాయో లేవో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. యోస్ట్ చెక్కి ఉంటాడులే అనుకున్నాను. పోయిన మనిషి చేతిపనిని శంకించడానికి మనసొప్పలేదు. కానీ వట్టి తెల్ల చుక్కలుగా వదిలేస్తే అచ్చు సరిగ్గా పడలేదనుకుంటారు కదా, అందుకని ఒక్కోదాని చుట్టూ సన్నటి పసుపు గీత, మధ్యలో ఒక నల్ల బొట్టు పెట్టాను. దుంపకు కళ్ళు వచ్చాయి. ముచ్చటగా అనిపించి మూడు వందల కాగితాలకూ అలాగే పెట్టాను.

డాక్టర్ గ్రీనర్ మా ఊళ్ళో పేరున్న వైద్యుడు, విద్యార్థులకు మూలికల పాఠాలు చెప్పే పెద్దమనిషి. ఆయన బూట్లకు మట్టి అంటగా నేనెప్పుడూ చూడలేదు. ఏ మొక్క ఏ రోగానికో దేవుడు దాని ఆకారంలోనే గుర్తు పెట్టి పంపాడని, ఆ గుర్తు చదవడం రాక మనం చస్తున్నామని ఆయన వాదన. అంతవరకు కాకిదుంపను బండ్లు తోలేవాళ్ళు మోకాళ్ళ నొప్పికి నూరి పట్టు వేసుకునేవారు. డాక్టరు పుస్తకం తెరిచి నేను దిద్దిన కళ్ళు చూశాడు. కళ్ళున్న దుంప మోకాళ్ళకెందుకు, మసకబారిన చూపుకు దేవుడిచ్చిన మందు ఇదేనని తేల్చేశాడు. మందుల దుకాణానికి చీటీ రాశాడు. వాళ్ళు తవ్వి తెమ్మని ప్లోనికి చెప్పారు.

ప్లోని యోస్ట్ చెల్లెలు. నది అవతలి గట్టున ఒంటరిగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా అడవుల్లో వేర్లూ దుంపలూ తవ్వి మందుల దుకాణాలకు ఇస్తుంది. తవ్వుకోవడానికి ఊరి పెద్దలిచ్చిన అనుమతి చీటీ తప్ప దానికి ఇంకో ఆధారం లేదు. బుట్టెడు కాకిదుంపలు తెచ్చింది. డాక్టరు ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో దుంప పట్టుకుని అటూ ఇటూ చూశాడట. దుంపకు కళ్ళు లేవు. "ఇది ఆ దుంప కాదు. ఈ మనిషి దొంగ సరుకు అమ్ముతోంది" అన్నాడట.

మందుల దుకాణం వాళ్ళావిడ సలోమే ఆ సాయంత్రమే మా ఇంట్లో వాలింది.

"ఏమ్మా వెరేనా, మీ ఆడపడుచు తెచ్చినవి అసలైన దుంపలేనంటావా?"

"నన్నడుగుతావేం? తవ్వేటప్పుడు నేనేమన్నా గంప పట్టుకుని నిలబడ్డానా?"

"ఇంటి మనిషివి. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా."

అక్కడితో ఊరుకోవాల్సింది. నోరు ఊరుకోలేదు. ప్లోనికీ నాకూ మొదట్నుంచీ పడదు. యోస్ట్ ఏ బొమ్మ చెక్కినా మొదటి అచ్చు కాగితం తీసుకెళ్ళి చెల్లెలి చేతిలో పెట్టేవాడు, ఇంట్లో పెళ్ళాం ఒకత్తి ఉందన్న ధ్యాసే ఉండేది కాదు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

"లోపలి అడవిదాకా నడిచే ఓపిక దానికిప్పుడు ఎక్కడిది?" అన్నాను. "దారి పక్కన దొరికిందేదో పెరికి తెచ్చుంటుంది."

సలోమే "అదీ సంగతి" అని లేచింది. మర్నాటికల్లా సొంత వదినే చెప్పిందని ఊరంతా పాకింది. గురువారం ముగ్గురు పెద్దల ముందు విచారణ అన్నారు. దొంగ సరుకని తేలితే అనుమతి చీటీ చింపేసి ఊరి సరిహద్దు దాటిస్తారు. ప్లోనికి యాభై నాలుగేళ్ళు. చలికాలం గుమ్మంలో ఉంది.

మంగళవారం ప్లోని మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నోరు కట్టుకోలేకపోయావా వదినా?"

"నేనేమన్నాను? ఉన్న మాటన్నాను."

"ఉన్న మాటా? ఈ గదిలోంచి చర్చికీ, చర్చిలోంచి ఈ గదికీ తప్ప అడుగు బయటపెట్టవు. నేనెక్కడ తవ్వానో నీకు కలొచ్చిందా?"

"బొమ్మలో కళ్ళున్నాయి, నీ దుంపలకు లేవు. ఆ ముక్క చెప్పడానికి అడవికి పోవాలా ఏంటి?"

"దుంపకెక్కడైనా కళ్ళుంటాయా! ముప్ఫై ఏళ్ళుగా తవ్వుతున్నాను, ఒక్కటన్నా నన్ను చూసి కన్ను కొట్టలేదే!"

"మీ అన్న చెక్కిన బొమ్మ అది. మీ అన్న అబద్ధం చెక్కాడంటావా?"

అన్న మాటెత్తితే ప్లోని ఎప్పుడూ తగ్గుతుంది, అది నాకు తెలుసు, తెలిసే అన్నాను. బల్ల మీదున్న కాకిదుంప కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. పెదవులు కదుపుతూ చాలాసేపు దాన్నే చూసింది. ఎత్తుకుపోతుందేమోనని నేను చేతిలోంచి లాక్కున్నాను.

"భయపడకు, మింగను" అంది. "గురువారం వస్తావా?"

"పిలిచారు. రాకేం?"

"ఏం చెబుతావు?"

"అడిగింది చెబుతాను."

తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్న ప్లోని అడవికి పోయే వేళ చూసుకుని నేను వంతెన దాటాను. దాచడమెందుకు, వెతకడానికే వెళ్ళాను. తాళంచెవి పూలకుండీ కింద పెడుతుందని నాకు తెలుసు. దొంగ దుంపలు ఏ మూల దాచిందో పట్టుకోవాలని నా పంతం. ఇల్లంతా ఎండుతున్న వేర్ల వాసన. గంపలు కెలికాను, సంచులు బోర్లించాను, మంచం కింద దూరాను. ఎక్కడ చూసినా అవే కాకిదుంపలు, నల్లగా, నున్నగా, అన్నీ ఒక్క రకమే. దుమ్ము దులుపుకుని లేచి నిలబడేసరికి పొయ్యి పక్క గోడకు కొట్టి ఉన్న కాగితం కనిపించింది. సగం పొగచూరింది. కింద యోస్ట్ చేతిరాత: మొదటిది, ప్లోనికి.

కాకిదుంప బొమ్మ. ఆకు, కాడ, లావాటి నల్లటి దుంప. దాని మీద ఒక్క చుక్క కూడా లేదు.

మొదట నాకు ఒళ్ళు మండింది, ఇదీ దీనికే ఇచ్చాడన్నమాట అని. ఆ తర్వాత మంచం మీద కూలబడ్డాను. యోస్ట్ కళ్ళు చెక్కలేదు. ప్లోని తవ్వింది సరైన దుంపే. మరి చుక్కలు ఎక్కడివి? నా బుద్ధి ఎక్కడికి పోతుంది, మనుషుల మీదికే పోయింది. ఓసర్ గారు కొత్తగా పెట్టుకున్న చెక్కుడు పనివాడు మెల్కియోర్ ఒకడున్నాడు. వాడి వాలకం నాకు మొదటి రోజే నచ్చలేదు. వాడే నా మొగుడి దిమ్మ మీద ఉలి పెట్టాడని తీర్మానించేశాను.

తిన్నగా అచ్చుకూటానికి వెళ్ళాను. ఓసర్ గారు నా ముఖం చూడకుండా మాట్లాడారు.

"అటక తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది. ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. రేపు రా."

"రేపు విచారణ."

"అయితే పొద్దున్నే రా. దిమ్మలెక్కడికీ పోవుగా, ఎందుకంత కంగారు?"

ముఖం చూడలేదంటే ఈయనకూ ఇందులో వాటా ఉందనుకున్నాను. గురువారం తలుపు తీయక ముందే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. అటక ఎక్కి, దుమ్ములో వెతికి, దిమ్మను పట్టుకుని కిటికీ వెలుగులో చూశాను. యోస్ట్ చెక్కిన గీత ఒక్కటీ చెదరలేదు. ఎవడి ఉలీ దాన్ని తాకలేదు. దుంప నల్లగా పడడానికి చెక్కను చదునుగా వదిలిన చోట పదకొండు సన్నటి కన్నాలున్నాయి. దిమ్మను తిరగేసి కిటికీ గట్టుకేసి కొట్టాను. మెత్తటి పిండి రాలింది.

పుచ్చు. చెక్క పురుగు తొలిచిన కన్నాలు. సిరా పట్టని కన్నాలు కాగితం మీద తెల్లగా పడ్డాయి.

మెల్కియోర్ కాదు, ప్లోని కాదు. నేను అనుమానించిన వాళ్ళెవరూ కాదు. పురుగు చేసిన కన్నాలకు కనుపాపలు దిద్ది, మూడు వందల ఇళ్ళకు పంపింది నేనే. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. వెనక్కి తిరిగితే ఓసర్ గారు నిచ్చెన మీద తల పైకి పెట్టి చూస్తున్నారు.

"మీకు ముందే తెలుసు కదూ?"

"పాత దిమ్మలన్నాక నాలుగు కన్నాలుంటాయి. నలుపు పూసి కప్పేస్తావనుకున్నాను. కళ్ళు పెట్టమని నేను చెప్పానా?"

దిమ్మను ఏప్రన్‌లో చుట్టుకుని నిచ్చెన దిగాను. "అది నాది, ఎక్కడికి పట్టుకుపోతున్నావ్" అని ఆయన వెనక అరుస్తూనే ఉన్నారు. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. దిమ్మను బల్ల మీద పెడతాను, ఒక గడ్డిపరక కన్నంలోకి దూర్చి చూపిస్తాను, తప్పు నాదని ఒప్పుకుంటాను. ఇక మీదట రంగు పని ఎవరూ ఇవ్వకపోయినా సరే, ప్లోని తన ఇంట్లో తను ఉంటుంది. జీవితంలో మొదటిసారి దాని మీద నాకు జాలి కలిగింది.

నేను వెళ్ళేసరికి విచారణ మొదలైపోయింది. ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. సలోమే, ఆమె మొగుడు ఒక పక్కన. ప్లోని ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. ఏడవడం లేదు, బుట్ట పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. డాక్టరు ఒక దుంపను రెండు వేళ్ళతో పైకెత్తి కిటికీ వైపు తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"చూడండి! సరిగ్గా పదకొండు! పసుపు వలయంతో సహా!"

"ముందు తెచ్చినవి లేతవి డాక్టరుగారూ" అంటోంది ప్లోని. "ఇది ఏడేళ్ళు నిండితేగానీ కళ్ళు తెరవదు. లోతుగా తవ్వాలి. మీరు అసలైన వాటి కోసం అడుగుతున్నారని నాకు తెలియలేదు."

"ఏడేళ్ళు" అని డాక్టరు రాసుకున్నాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. చిన్న ఉలితో తీసిన గుంటలు, కోసిన ఆపిల్ అంచులా అప్పుడే గోధుమరంగు తిరుగుతున్నాయి. పసుపు వలయం కుంకుమపువ్వు నీళ్ళు. కనుపాపలు నల్ల గసగసాలు, ఒక్కో గుంటలో ఒక్కో గింజ నొక్కి పెట్టింది. మంగళవారం మా కిటికీ దగ్గర పెదవులు కదిపింది ఇందుకా! కళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో బట్టీ పట్టి వెళ్ళింది. ఆ పసుపు భూమిలో లేదు, యోస్ట్ దిమ్మలోనూ లేదు. అది నా కుంచెలోంచి పుట్టింది, ఇప్పుడు దుంప మీద కూర్చుని నన్ను చూస్తోంది.

ఏప్రన్‌లో దిమ్మ పక్కటెముకలకు గుచ్చుకుంటోంది. దాన్ని బయటికి తీస్తే కళ్ళు అబద్ధమని తేలుతుంది. కళ్ళు అబద్ధమైతే బల్ల మీద ఉన్న దుంపలేంటి? ఇక వాళ్ళు ప్లోనిని సరిహద్దు దాటించి ఊరుకోరు, పెద్దల ముందు దొంగ ప్రమాణం చేసిందని, ప్రమాణానికి ఎత్తిన వేళ్ళు నరికేస్తారు. ఒక్కరోజు ముందు తెచ్చుంటే ఈ దిమ్మ దాన్ని కాపాడేది, ఇప్పుడు అదే దాని చెయ్యి నరికేలా ఉంది.

"వెరేనా, పుస్తకానికి రంగు వేసింది నువ్వే కదా" అన్నాడు నడిమి పెద్ద. "దగ్గరగా చూసి చెప్పు. నువ్వు వేసిన బొమ్మకూ ఈ దుంపకూ తేడా ఏమన్నా ఉందా?"

"ఆ ఏప్రన్‌లో ఏముందమ్మా?" అంది సలోమే. ఆమె కంట పడనిది ఏదీ ఉండదు.

"పొయ్యిలోకి చెక్క" అన్నాను. తర్వాత పెద్దవైపు తిరిగాను. "తేడా ఏం లేదండీ. నేను వేసింది ఇలాగే ఉంటుంది."

ప్లోని నా వైపు చూడలేదు. అనుమతి చీటీ దానికి తిరిగి ఇచ్చేశారు. డాక్టరు దాని మట్టి చేతులు పట్టుకుని ఊపాడు. ఈ దుంపను ఎదురుగా పెట్టుకుని కొత్త బొమ్మ గీయిస్తానని, ఉన్నది ఉన్నట్టు స్వయంగా చూసి గీసినదని దాని కింద అచ్చు వేయిస్తానని, రంగు మళ్ళీ నేనే వేయాలని అన్నాడు. సరేనన్నాను.

వంతెన మధ్యకు వచ్చాక ప్లోని ఆగి పిట్టగోడ పట్టుకుంది.

"అంతమంది ఉన్నారా గదిలో, నాకు ఎవర్ని చూసీ భయం వేయలేదు వదినా" అంది. "నువ్వు గుమ్మంలోకి రాగానే అయిపోయాననుకున్నాను. నీ కంట పడకుండా ఉంటుందా అది?"

"పడింది."

"మరి చెప్పలేదేం?"

ఏప్రన్ విప్పి దిమ్మ చూపించాను. కన్నాల సంగతి, నేను పెట్టిన బొట్ల సంగతి, తాళం తీసి దాని ఇల్లు వెతికిన సంగతి, అన్నీ చెప్పేశాను. ప్లోని ఒక కన్నం మీద వేలు పెట్టి, వేలికంటిన పిండి చూసింది. దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"పురుగా? డాక్టరుగారు చదివింది పురుగు రాతా?"

నాకూ నవ్వు ఆగలేదు. దారినపోయేవాళ్ళు తాగామనుకుని ఉంటారు. నవ్వు తగ్గాక, "నా నోటివల్లే ఇంతా వచ్చింది, తప్పు నాదే" అన్నాను. యోస్ట్‌తో కూడా నేనెప్పుడూ ఆ మాట అనలేదు.

"నీ నోటికి మందు ఏ అడవిలోనూ లేదు వదినా" అంది ప్లోని. "పద, బార్లీ గంజి కాస్తాను."

మేం వెళ్ళేసరికి దాని గుమ్మం ముందు ఐదారుగురు నిలబడి ఉన్నారు. సలోమే మాకంటే ముందే వార్త చేరవేసినట్టుంది. అందరికంటే ముందు ఒక ముసలి నేతపనివాడు, కళ్ళు పాలపొర కమ్మి ఉన్నాయి, భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"కళ్ళున్నవే ఇవ్వు తల్లీ" అన్నాడు ఆయన. "కళ్ళు లేనివి అంటగట్టి మోసం చెయ్యకు. నాకు కనపడకపోయినా మా ఆవిడ చూస్తుంది."

ప్లోని ముఖంలో నవ్వంతా పోయింది. నా వైపు చూసింది. నేను ఏం సైగ చేయగలను? అక్కడ నిజం చెబితే సాయంత్రానికి పెద్దల దగ్గరికి చేరుతుంది.

"ఆగండి బాబూ, కడిగి తెస్తాను" అని అది లోపలికి పోయి తలుపు గడియ వేసుకుంది.

నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. ముసలాయన నా అలికిడి విని ముఖం ఇటు తిప్పాడు.

"నిజంగా పని చేస్తుందా అమ్మా?"

బతుకంతా నేను అందరినీ అడిగిన ప్రశ్న. నన్ను ఎవరూ అడగలేదు ఎప్పుడూ.

"పుస్తకంలో ఉంది పెద్దాయనా" అన్నాను.

ఆయన తలూపి, ఇక అడగాల్సిందేమీ లేనట్టు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల ఉలి గీరడం మొదలైంది. అది ఆయన చెవిన పడకుండా నేను గట్టిగా దగ్గుతూ నిలబడ్డాను.